దీర్ఘం లేని మాట

మా ప్లాంటులో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఉన్నారు. ఇద్దరూ ఇనుప డ్రమ్ములే. మనిషికి రెండింతల ఎత్తు, ఒళ్ళంతా ఆకుపచ్చ పెయింటు, నడుం చుట్టూ పైపులు, వాల్వులు. ఇంజనీరు గారి కాగితాల్లో వాటి పేర్లు సాఫ్ట్‌నర్ ఒకటి, సాఫ్ట్‌నర్ రెండు. మాకు మాత్రం అక్క, చెల్లెలు. బోరు నీళ్ళు వీళ్ళ కడుపులోంచి వెళ్తే, ఆ నీళ్ళలో ఉండే సున్నాన్ని వీళ్ళు పట్టేసుకుని మంచి నీళ్ళని కిందికి వదులుతారు. ఆ నీళ్ళే బాయిలర్‌కి వెళ్తాయి. బాయిలర్ ఆవిరితోనే ఫ్యాక్టరీ అంతా నడుస్తుంది. సున్నం పట్టీ పట్టీ కడుపు నిండిపోయినప్పుడు ఉప్పునీళ్ళు తాగించి, మంచినీళ్ళతో కడగాలి. దాన్ని మేం ఉప్పు పెట్టడం అంటాం. అక్క ఒద్దికైనది. పెట్టిన ఉప్పు తిని చెప్పిన పని చేస్తుంది. చెల్లెలే పేచీకోరు.

నీళ్ళు మంచివో కావో చూడడానికి చదువక్కర్లేదు. గాజు సీసాలో నీళ్ళు పట్టి, ముక్కు పగిలిపోయే వాసన కొట్టే మందు నాలుగు చుక్కలు వేసి, చిటికెడు పొడి వేసి ఊపాలి. నీలం తేలితే మంచి నీళ్ళు. ద్రాక్షపండు ఎరుపు తేలితే ఇంకా సున్నం ఉన్నట్టు. మా ఆయన ఈ ప్లాంటుని పందొమ్మిదేళ్ళు నడిపాడు. ఆయన పోయాక నన్ను ఇక్కడే ఊడ్చే పనికి తీసుకున్నారు. పదకొండేళ్ళు ఊడ్చాను, ఆ సీసాలు కడిగాను. ఎరుపుకీ నీలానికీ మధ్య ఒక వంకాయ రంగు వస్తుంది. అది వచ్చినప్పుడు ఆపరేటర్లు తేల్చుకోలేక నన్ను పిలిచేవాళ్ళు. "కాస్త ఇలా వచ్చి చూడు, ఇది నీలం అనుకోవచ్చా?" అని. నేను చీపురు గోడకి ఆనించి వచ్చి, "అనుకోకూడదు, ఇంకో పది నిమిషాలు కడగండి" అనేదాన్ని.

ముగ్గురు ఆపరేటర్లలో ఒకాయన రిటైరైనప్పుడు ఇంజనీరు గారు నన్ను పిలిపించారు.

"పని మీకు వచ్చమ్మా. లాగ్ పుస్తకం రాయగలిగితే ఆరు నెలలు చూస్తాను. తర్వాత ఆపరేటర్‌గా ఖాయం చేస్తాను. రాయలేకపోతే మళ్ళీ చీపురే. మీరు ఒప్పుకుంటేనే."

"రాస్తాను సార్" అన్నాను.

అప్పటికి నేను అక్షరాలు దిద్ది ఏడాదిన్నర. నేర్పింది మా అమ్మాయి. అది కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. గోడకి తగిలించి చూపు పరీక్ష చేసే అట్ట ఉంటుంది చూడండి, పైన ఒక పెద్ద అక్షరం, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. పాతబడి అంచులు చిరిగిన అట్టొకటి షాపులో పారేస్తుంటే మా ఇంటికి తెచ్చి వంటింట్లో స్టవ్వు ఎదురుగా మేకు కొట్టి తగిలించింది. కూర కలుపుతూ ఒక వరస, గిన్నెలు తోముతూ ఒక వరస. నాలుగు నెలల్లో చివరి వరస దాకా దిగాను. మా అమ్మాయి, "చదువు వచ్చింది, చూపు కూడా బాగుంది, నీకు మా షాపు అవసరమే లేదు" అంది.

ఆ అట్టలో ఒక చిక్కు ఉంది. చూపు పరీక్షకి ఉత్త అక్షరాలు చాలు. ప, గ, ట, ర. గుణింతాలు ఉండవు. గుడులూ కొమ్ములూ తర్వాత కష్టపడి నేర్చుకున్నాను గానీ, దీర్ఘం మాత్రం నా చేతికి అంటలేదు. రాస్తుంటే జారిపోయేది. అట్టలో లేనిది కంటికి గుర్తుండలేదు.

దాని ఫలితం ఆపరేటర్‌గా చేరిన మూడో వారంలోనే కనపడింది. ఒక పంపు వేడెక్కుతోందని ఆపేసి, పుస్తకంలో 'మూడో పంపు ఆపను' అని రాసి ఇంటికి వెళ్ళాను. ఆపాను అని రాశాననే నా నమ్మకం. మర్నాడు ఇంజనీరు గారు పుస్తకం పట్టుకుని వచ్చారు.

"పంపు ఆపను అంటున్నారు. దాని మీద మీకేమన్నా పట్టింపా అమ్మా?"

ఆ మాట మధ్యాహ్నం షిఫ్టు మరిది చెవిన పడింది. ఇంకేముంది, ఊరంతా పాకింది. "మా వదిన ఆపదట. చెప్పి చూడండి, ఆపదు" అని క్యాంటీనులో నెల రోజులు నవ్వించాడు.

మరిది అంటే సొంత మరిది కాదు. మా ఆయనతో కలిసి పనిచేసినవాడు, అందుకని వదినా అంటాడు. ప్లాంటులో అతన్ని అందరూ పిలిచే పేరు లేటు. ఏ రోజూ టైముకి రాడు. నా కాగితాలన్నిటిలో మా ఆయన పేరుకి ముందు లేటు అని ఉంటుంది. "పోయినవాళ్ళకి పెట్టాల్సినది నువ్వు బతికుండగానే సంపాదించావు మరిదీ" అంటే, "ముందే బుక్ చేసుకున్నా వదినా, చివర్లో తొక్కిసలాట ఉండదు" అనేవాడు.

ఆ పంపు గొడవ తర్వాత మా అమ్మాయి నాకొక పద్ధతి పెట్టింది. రాసిన వాక్యాన్ని పైకి చదవాలి. గొంతు ఎక్కడ సాగితే ఆ అక్షరం కింద పెన్సిలుతో చిన్న చుక్క పెట్టాలి. చుక్క పెట్టిన చోట దీర్ఘం ఉందో లేదో చూసుకోవాలి. చుక్కకి దీర్ఘం దొరక్కపోతే దిద్దాలి. అప్పటినుంచి పుస్తకంలో నా పేజీలన్నిటికీ సన్నటి చుక్కలు ఉంటాయి. ఎవరూ పట్టించుకోలేదు. పెన్సిలు రాలిందనుకుని ఉంటారు.

అలా ఐదు నెలలు ఒక్క తప్పూ లేకుండా గడిచాయి. ఆరు నెలలు పూర్తవడానికి ఇంకొక్క వారం మిగిలింది.

ఆ గురువారం నాది పొద్దుటి షిఫ్టు. తెల్లారగానే చెల్లెలికి ఉప్పు పెట్టాను. కడిగి, సీసా పట్టి చూస్తే ఎరుపు. మళ్ళీ కడిగినా ఎరుపే. అనుమానం వచ్చి ఉప్పు తొట్టి మూత తీసి చూశాను. పైకి నిండుగానే ఉంది. కర్రతో పొడిస్తే ఠంగుమంది. పైన ఉప్పు రాయిలా పెచ్చు కట్టింది, కింద అంతా బోలు. పొద్దున చెల్లెలు తాగింది ఉప్పునీళ్ళు కాదు, ఉత్త నీళ్ళు. పెచ్చు పగలగొట్టి, ఉప్పు కరగనిచ్చి, మధ్యాహ్నం పన్నెండింటికి మళ్ళీ మొదలుపెట్టాను. ఈలోగా బాయిలర్‌ని అక్క ఒక్కతే మోసింది. సాయంత్రం దాకా మోయగలదు.

రెండుకి ఐదు నిమిషాలు ఉందనగా సీసా పట్టాను. ఇంకా ద్రాక్షరంగే. చెల్లెలి నీళ్ళు బాయిలర్‌కి వెళ్ళే వాల్వు బిగించేశాను. మరిది ఇంకా రాలేదు. రెండూ పదికి వెళ్ళే షిఫ్టు బస్సు గేటు దగ్గర హారన్ కొడుతోంది. ఆ బస్సు తప్పితే నాలుగు కిలోమీటర్లు నడక. పుస్తకం తీసి రాశాను:

'రెండో సాఫ్ట్‌నర్‌కి ఉప్పు పెట్టాను. నీళ్ళు బాయిలర్‌కి పంపను.'

పైకి చదివాను. చుక్కలు పెట్టాను. సంతకం చేసి బస్సుకి పరుగెత్తాను.

సాయంత్రం నాలుగున్నరకి ల్యాబులో పనిచేసే అమ్మాయి ఫోన్ చేసింది.

"పిన్నీ, నువ్వు చెల్లెల్ని లైన్లో పెట్టి వెళ్ళావా?"

"లేదే. బిగించి వచ్చాను."

"బాయిలర్ తొట్టి నీళ్ళు పట్టాను. ఎర్రగా వచ్చాయి. రెండు గంటలుగా చెల్లెలి నీళ్ళు వెళ్తున్నాయి. బాయిలర్ ఆపేశారు. పుస్తకంలో నువ్వే పంపాను అని రాశావని లేటన్న అంటున్నాడు."

ఫోన్ పెట్టేసి స్టూలు మీద కూర్చున్నాను. సున్నం నీళ్ళు మరిగితే బాయిలర్ గొట్టాలకి లోపల తెల్లగా పెచ్చు కడుతుంది. రోజూ కెటిల్ అడుగున కట్టేదే, అక్కడ కడితే మాత్రం గొట్టాలు కాలిపోతాయి. మా ఆయన పందొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఎర్ర నీళ్ళు పంపలేదు.

మా అమ్మాయి వచ్చేసరికి నేను దీపం వెయ్యకుండా కూర్చున్నాను. విషయం విని, చెప్పులు కూడా విప్పకుండా అడిగింది.

"పంపను అనే రాశావా? ఒట్టు?"

"ఒట్టు. చదివి చూసుకున్నాను కూడా."

"అయితే ఆయన దీర్ఘం కలుపుకుని చదివాడు. నువ్వు మర్చిపోయావనుకున్నాడు."

"ఐదు నెలలుగా ఒక్కటీ మర్చిపోలేదు కదే."

"జోకు ఐదు నెలలుగా నడుస్తోంది కదమ్మా. దీర్ఘాలు వచ్చేశాయని నువ్వు ఎవరికైనా చెప్పావా?"

చెప్పలేదు. ఎలా చెప్తాను. నాకు దీర్ఘాలు వచ్చాయహో అని దండోరా వేయించాలా.

అది టీ పెట్టి తెచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. "అయినా మీ పద్ధతే నాకు అర్థం కాదు" అంది. "తిప్పే వాల్వు ఒక చోట, తిప్పాలో వద్దో రాసిన పుస్తకం ఇంకో చోట. మా షాపు మూసేస్తే తలుపుకే పలక తగిలిస్తాం, మూసి ఉందని. లోపల రిజిస్టరులో రాసుకుని వెళ్తే వచ్చినవాళ్ళు తలుపు తోయరూ?"

ఆ మాట ఆ రాత్రంతా నాతోనే ఉంది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఇంజనీరు గారి గదిలో నేనూ మరిదీ నిలబడ్డాం. బల్ల మీద పుస్తకం తెరిచి ఉంది. మరిది రోజూలా లేడు. నా వైపు చూడలేదు.

"చెప్పు, ఏం జరిగింది?" అన్నారు ఇంజనీరు గారు అతనితో.

"నేను రెండున్నరకి వచ్చాను సార్. పుస్తకం చూశాను. ఉప్పు పెట్టింది, నీళ్ళు పంపింది అని చదివాను. వాల్వు దగ్గరికి వెళ్తే బిగించి ఉంది. పంపానని రాసి తెరవడం మర్చిపోయిందేమో, బస్సు హడావిడి అనుకుని నేనే తెరిచాను."

"ఇక్కడ పంపను అని ఉంది."

"వదినకి దీర్ఘాలు పడవని అందరికీ తెలుసు కదా సార్. కలుపుకుని చదవడం అలవాటైపోయింది."

"సీసా పట్టి చూశావా?"

మరిది మెడ గోక్కున్నాడు. "లేదు సార్. అది నా తప్పే."

ఇంజనీరు గారు నా వైపు తిరిగారు. "మీరేమంటారు? మర్చిపోయారా, కావాలనే రాశారా? ఇప్పుడు ఎవరైనా కావాలనే అనొచ్చు. ఆ మూడో పంపు సంగతి నాకూ గుర్తుంది."

"చుక్కలు చూడండి సార్" అన్నాను.

"ఏ చుక్కలు?"

పుస్తకం ఆయన వైపు జరిపి పద్ధతి చెప్పాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి, కాగితం మీదికి వంగి, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టారు. గొంతు సాగదీస్తూ చదివారు, మా అమ్మాయి నాతో చదివించినట్టే. "రెండోఓ... చుక్క. సాఆఫ్ట్‌నర్‌కి... చుక్క. ఉప్పు, లేదు. పెట్టాఆను, చుక్క. నీఈళ్ళు, చుక్క. బాఆయిలర్‌కి, చుక్క. పంపను."

అక్కడ ఆగారు. చుక్క లేదు.

"ఐదు చుక్కలు, ఐదు దీర్ఘాలు. చివరి మాటకి గొంతు సాగలేదు సార్. సాగదు కాబట్టే పెట్టలేదు."

ఆయన వెనక పేజీ తిప్పారు, ఇంకో పేజీ తిప్పారు. వారం, నెల, రెండు నెలలు. అన్నిటికీ చుక్కలు. మరిది కూడా వంగి చూశాడు. "నేను దోమలు చచ్చాయనుకున్నా" అని గొణిగాడు.

ఇంజనీరు గారికి నవ్వు రాలేదు. పుస్తకం మూసి అడిగారు. "సరే. దీర్ఘం మర్చిపోలేదు. కానీ పంపలేదు అని రాస్తే ఈ గొడవే లేదు కదా. పంపను అని ఎందుకు రాశారు?"

"పంపలేదు అంటే అప్పటిదాకా పంపలేదని సార్. నేను రాసింది తర్వాతకి కూడా. నీలం తేలేదాకా పంపను అని."

"రెండింటికి మీ షిఫ్టు అయిపోయింది. ఆ తర్వాత పంపేది, పంపనిది మీరు కాదు, ఇతను. లాగ్ పుస్తకంలో చేసింది రాస్తారమ్మా. మనసులో అనుకున్నది రాయరు. ఇన్నేళ్ళలో ఈ పుస్తకంలో 'ను' తో ఒట్టు పెట్టుకున్నది మీరొక్కరే."

అది నాకు సూటిగా తగిలింది. రాత్రంతా నేను దీర్ఘం వైపే చూస్తూ కూర్చున్నాను. తప్పు అక్కడ లేదు. నేను ఇంటికి వెళ్తూ, నా మాట ఇక్కడ కాపలా ఉంటుందనుకున్నాను. ఎరుపు అని రాయలేదు, ఇంకా కడగాలని రాయలేదు. అతను వచ్చేదాకా ఆగి నోటితో చెప్పలేదు.

"తప్పు నాదీ ఉంది సార్" అన్నాను. "బస్సు పోతే పోయిందని ఆగాల్సింది."

"నేను టైముకి వస్తే ఆగే పనే లేదు" అన్నాడు మరిది, నేలని చూస్తూ.

"ఒక్క మాట సార్" అన్నాను. "వాల్వుకే ఒక పలక తగిలిస్తే? తిప్పే చెయ్యి ముందు దాన్ని తీయాలి. తీసేముందు చదవాలి."

ఇంజనీరు గారు బల్ల దగ్గర్నుంచి లేచారు. కిటికీలోంచి ఆగిపోయిన పొగగొట్టాన్ని చూశారు. "ఆదివారం బాయిలర్ తెరుస్తున్నారు. లోపల ఎంత పట్టిందో చూశాక మాట్లాడదాం. మీరూ రండి."

ఆదివారం దాకా రెండు రోజులు నేను ఊడ్చాను. ఎవరూ చెప్పలేదు. ఆగిపోయిన ప్లాంటులో వేరే పని లేక, చేతులు ఊరుకోక ఊడ్చాను. చీపురు పట్టుకుంటే అరచేతిలో పాత గుంట అలాగే ఉంది. ఊడ్చే పని నాకు ఎప్పుడూ నామోషీ కాదు. కానీ సీసా పట్టి రంగు చూసి, పుస్తకంలో నా చేత్తో రాసే ఆ రెండు నిమిషాలు ఉన్నాయే, అవి వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

ఆదివారం బాయిలర్ మూత తీశారు. పదకొండేళ్ళు దాని పక్కన తిరిగాను, దాని లోపలికి ఎప్పుడూ చూడలేదు. ఇంజనీరు గారు టార్చి నా చేతికిచ్చి పక్కకి జరిగారు. లోపల వరసల మీద వరసలు గొట్టాలు, చీకట్లోకి వెళ్ళిపోతున్నాయి. ఇంత పెద్ద కడుపుకా నేను సీసాలో నీళ్ళు రుచి చూసి పంపుతున్నది అనిపించింది. గొట్టాల మీద పలచగా తెల్లటి పూత. ఇంజనీరు గారు చెయ్యి లోపలికి చాచి వేలితో రుద్దారు. బయటికి తీసి చూపించారు. వేలి కొసన పిండి అంటినట్టు అంటింది. రుద్దిన చోట ఇనుము నల్లగా మెరిసింది.

"పెచ్చు కట్టలేదు. పూతే" అన్నారు. "రెండు గంటల్లోనే పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. కడిగితే పోతుంది." రుమాలుతో వేలు తుడుచుకుంటూ, "దీని కింద చూశారా? ఇన్నేళ్ళ గొట్టాలకి పాత పెచ్చు ఒక్కటీ లేదు. మీ ఆయన పంపిన నీళ్ళ పుణ్యం" అన్నారు.

నేను టార్చి ఆర్పలేదు. ఇంకాసేపు చూశాను.

బయటికి వచ్చాక ఆయన అడిగారు. "మీ ఆరు నెలలు ఎప్పటికి పూర్తవుతాయి?"

"గురువారానికి సార్."

"గురువారం దాకా ఎందుకు, రేపు రిజిస్టరులో మీ పేరు రాస్తాను. ఆ పలకల సంగతి మీరే చూడండి. ఎర్ర రంగు స్టోరులో ఉంది. ఏం రాయాలో మీరే ఆలోచించండి. కానీ ఈసారి ఒట్లు వద్దు."

మర్నాడు స్టోరు నుంచి అరచేతి వెడల్పు రేకులు రెండు తెచ్చి, ఎర్ర రంగు వేసి ఎండబెట్టాను. తెల్ల రంగులో కుంచె ముంచి ఆలోచించాను. 'మూశాను' అని రాద్దామనుకున్నాను. అది మళ్ళీ నా కథే, పైగా రెండు దీర్ఘాలు. నా గురించి కాదు రాయాల్సింది, వచ్చే చేతికి. చాలాసేపటికి ఒక మాట దొరికింది. రాసి, పైకి చదివాను. గొంతు ఎక్కడా సాగలేదు. ఒక్క చుక్క కూడా పెట్టక్కర్లేదు.

కింద చిన్నగా, 'ఆపరేటర్' అని రాశాను. దానికి రెండు. పెన్సిలుతో రెండు చుక్కలు పెట్టి, తర్వాత వేలితో తుడిచేశాను.

బాయిలర్ మళ్ళీ మొదలైన రోజు చెల్లెలికి ఉప్పు పెట్టాను. కడుగుతూ ఉండగానే నా షిఫ్టు అయిపోవచ్చింది. వాల్వు బిగించి, పలక తీగతో చుట్టి తగిలించాను. గడియారం చూస్తే రెండు కావడానికి ఇంకా రెండు నిమిషాలు ఉంది. తలుపు తోసుకుని మరిది వచ్చాడు. చొక్కా వెనక అంతా చెమట.

"ఏంటి మరిదీ, దారి తప్పి ముందొచ్చావా?"

"నీ పలక చూద్దామని వచ్చాలే వదినా." వాల్వు ముందు వంగి, ఒక్కో అక్షరం మీద వేలు జరుపుతూ చదివాడు. "తెరవవద్దు." మళ్ళీ చదివాడు. నా వైపు అనుమానంగా చూశాడు. "ఇందులో దీర్ఘం ఎక్కడ పోయింది?"

"ఎక్కడికీ పోలేదు. ఆ మాటకి లేదు."

"కలుపుకుని చదివితే?"

"చదువు చూద్దాం."

పెదాలు కదుపుతూ రెండు మూడు రకాలుగా ప్రయత్నించాడు. ఎక్కడ సాగదీసినా అది మాట కాలేదు. "గట్టిదే పట్టావు" అని, తనంతట తనే సీసా తీసుకుని నీళ్ళు పట్టాడు. మందు వేశాడు, పొడి వేశాడు, ఊపి కిటికీ వెలుగుకి ఎత్తి పట్టాడు. వంకాయ రంగు.

"ఇది నీలం అనుకోవచ్చా వదినా?"

"అనుకోకూడదు. ఇంకో పది నిమిషాలు కడుగు."

గేటు దగ్గర బస్సు హారన్ కొట్టింది. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. రెండోసారి కూడా కొట్టింది. తర్వాత అది వెళ్ళిపోయిన చప్పుడు వినబడింది. మేమిద్దరం చెల్లెలి పైపులో నీళ్ళ చప్పుడు వింటూ కూర్చున్నాం. పది నిమిషాలయ్యాక మరిది ఇంకో సీసా పట్టి ఊపాడు. ఈసారి నన్ను అడగలేదు. సీసా బల్ల మీద పెట్టి, వెళ్ళి పలక తీగ విప్పి, నా చేతికిచ్చి, వాల్వు తిప్పాడు.